మా అత్తమ్మ, నా చేపల రీలు

పెళ్ళయి పదకొండేళ్ళు గడిచినా మా అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడేది కాదు. నేను వాళ్ళింటికి వెళ్తే కొంగు నెత్తిమీదికి లాక్కుని వంటింటి తలుపు పక్కన నిలబడేది. "అల్లుడు చాయ్ తాగుతడా?" అని నా భార్యను అడిగేది. నేను మూడడుగుల దూరంలోనే ఉండేవాణ్ణి. "తాగుత" అని నేనూ నా భార్యకే చెప్పేవాణ్ణి. ఇందులో కోపతాపాలేమీ లేవు. అల్లుడికి ఇవ్వాల్సిన మర్యాద అదేనని ఆమె గట్టి నమ్మకం. అలాంటిది, ఆ ఇంట్లో మేమిద్దరమే రెండు వారాలు ఉండాల్సి వచ్చింది.

ఆమెది జనగామ జిల్లా బచ్చన్నపేట మండలంలో ఒక చిన్న ఊరు. మామయ్య పోయినప్పటి నుంచి మిషిన్ కుట్టి ఇల్లు నడిపింది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు ఆమె కుట్టినవే. కుడికంటికి పొర కమ్మి, సూదిలో దారం ఎక్కించడం కూడా కష్టమయ్యాక గానీ ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. హనుమకొండలో చేయించాం. రోజుకు ఆరుసార్లు చుక్కల మందు వేయాలి, వంగకూడదు, బరువులెత్తకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, మిషిన్ ముట్టకూడదు అన్నారు. నా భార్య భూపాలపల్లిలో పదో తరగతికి లెక్కలు చెప్తుంది. పరీక్షలు దగ్గర పడ్డాయి, ఆమెకు సెలవు దొరకలేదు. అదే ఊళ్ళో ఆఫీసు గుమాస్తానైన నాకు సెలవులు బోలెడు మిగిలి ఉన్నాయి.

"నువ్వే పో. అన్నం, కూర వండుడు నీకొస్తది. చుక్కలేసుడు నేను చూపిస్త" అంది నా భార్య.

"మీ అమ్మ నాతోని మాట్లాడదు గద!"

"కంట్ల మందేసుటానికి మాటలెందుకు?"

బట్టల సంచితో పాటు చేపల కడ్డీ, రీలు కూడా బండికి కట్టుకున్నాను. ఆ రీలు గురించి కొంచెం చెప్పాలి. మా సొంతూరు మహబూబాబాద్ జిల్లా గూడూరు దగ్గర. చిన్నప్పుడు వెదురు కర్రకు దారం కట్టి, గాలానికి ఎర్రను గుచ్చి చేపలు పట్టినవాణ్ణే. భూపాలపల్లిలో మా పక్కింట్లో ఉండే పెద్దమనిషి బదిలీ మీద వెళ్తూ తన కడ్డీ, రీలు, ఎరగా కట్టే రెండు రబ్బరు కప్పలు నా చేతిలో పెట్టాడు. "దీనితోని నాకు కుదరలే. నీకేమన్న కుదురుతదేమో చూడు" అన్నాడు. ఆ మాట నేను సరిగ్గా వినిపించుకోలేదు.

మామూలు రీల్లో దారం చుట్టిన చక్రం కదలదు, దారమే జారిపోతుంది. దీనిలో అలా కాదు. బొటనవేలి కింద మీట నొక్కి కడ్డీ విసిరితే, ఎర ముందుకు పోతుంటే దాని వెంట చక్రమే గిర్రున తిరుగుతూ దారం వదులుతుంది. అంతవరకు బాగానే ఉంటుంది. ఎర నీళ్ళ మీద పడి ఆగుతుంది, చక్రం మాత్రం ఆగదు. పోవడానికి చోటు లేని దారాన్ని అది బయటికి ఎగదోస్తూనే ఉంటుంది. అర క్షణంలో రీలు మీద ఒక గుప్పెడు పీచు మొలుస్తుంది. దీన్ని బ్యాక్‌లాష్ అంటారని ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకున్నాను. పేరు తెలిసినంత మాత్రాన చిక్కు వీడలేదు. భూపాలపల్లి చుట్టుపక్కల చెరువుల గట్ల మీద నేను పట్టిన చేపల కన్నా కత్తిరించి పారేసిన దారమే ఎక్కువ. మాట వరసకు అంటున్నాను, చేపలు అసలు పడనేలేదు.

అత్తమ్మ ఇంట్లో మొదటి రెండు రోజులు గడవడం కష్టమైంది. ఆమె నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద నిటారుగా కూర్చునేది. "చుక్కల యాళ్ల అయినట్టున్నది" అని గోడతో అనేది. నేను సీసా తీసుకుని వెళ్ళేవాణ్ణి. ఆమె తల పైకెత్తేది, నేను చుక్క వేసేవాణ్ణి, ఇద్దరం ఊపిరి బిగబట్టి పని ముగించేవాళ్ళం. నేను వండిన పప్పు తిని, గుమ్మంలో కూర్చున్న పిల్లితో "ఉప్పు జర ఎక్కువైనట్టున్నది" అంది. పిల్లి లేచిపోయింది. సాయంత్రం పప్పులో నేను ఉప్పు తగ్గించాను.

అన్నిటికన్నా ఆమెను బాధపెట్టింది ఖాళీగా ఉండటం. చేతులు ఊరుకునేవి కావు. కొంగు అంచును మడిచేది, విప్పేది, మళ్ళీ మడిచేది. ఎవరో జాకెట్ గుడ్డ తీసుకొస్తే నేను గుమ్మంలోనే నిలబడి "ఇంక నెల దాక కుట్టదు" అని పంపించేశాను. లోపల్నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం చుక్కలు వేశాక కడ్డీ పట్టుకుని ఊరి చెరువుకు వెళ్ళాను. అందులో చేపపిల్లలు పోసి పెంచేది ఊళ్ళోని మత్స్యకారుల సంఘం. సంఘం పెద్దమనిషి గట్టు మీద వల బాగుచేసుకుంటున్నాడు. అనుమతి అడిగాను.

"ఆమె అల్లునివా? గాలమే గద, ఏస్కో. మేం పోసిన రవ్వ, బొచ్చె పడితె మళ్ల నీళ్లల్లనే ఇడ్వాలె. కొర్రమట్ట పడితె నీది."

కొర్రమట్ట కోసమే నేను వచ్చింది. కలుపు మధ్య దాక్కుని, పైన కప్ప కదిలితే ఎగిరి అందుకునే చేప అది. రబ్బరు కప్ప కట్టి బలమంతా పెట్టి విసిరాను. కప్ప కొద్ది దూరం పోయి ఎవరో వెనక్కి లాగినట్టు ఆగింది. రీలు మీద అంతకుముందెన్నడూ చూడనంత పెద్ద ఉండ. పెద్దమనిషి వల పక్కన పెట్టి వచ్చి చూశాడు. "గిది చేపను పట్టుటానికా, దారం దువ్వుటానికా?" అన్నాడు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. గుంజి చూశాను, ఇంకా బిగిసింది. కత్తెర తీసి ఒక పోగు కత్తిరించాను. రెండోది కత్తిరించబోతుంటే లోపల్నుంచి గట్టిగా కేక వినిపించింది.

"ఏంది, ఏం కత్తిరిస్తున్నవ్?"

నేను వెనక్కి తిరిగి చూశాను, నన్ను కాక ఇంకెవరినైనా అడుగుతోందేమోనని. ఎవరూ లేరు.

"దారం, అత్తమ్మా. చిక్కు పడ్డది."

"కత్తెర కింద పెట్టు. ఇటు తే."

రీలు తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాను. వంగకూడదు కనుక తల నిటారుగానే ఉంచి, వేళ్ళతో తడిమింది. చాలాసేపు ఊరికే తడిమింది, ఏదీ గుంజలేదు. తర్వాత ఒక పోగును గోటితో పైకి లేపి, దాని కిందినుంచి ఇంకో పోగును మెల్లగా తీసింది.

"గిండ్ల ముడి ఒక్కటి లేదు బిడ్డా. అన్నీ ఉచ్చులే. ఒకదాని కింద ఒకటి సొచ్చినయ్. మనం గుంజినప్పుడే ముడయితది."

బిడ్డా అంది. నేను మంచం పక్కనే నేల మీద కూర్చున్నాను.

గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆమె చేతులు తీరిగ్గా, సంతోషంగా పనిచేశాయి. చివరి ఉచ్చు వీడాక రీలును అటూ ఇటూ తిప్పి తడిమింది.

"గిది మిషిన్ కింద దారం చుట్టి పెట్టే బాబినే గద. జర పెద్దది, అంతే. గీ మర దేనికి?"

పిడి పక్కన ఒక చిన్న మర ఉంది. దానికి ఎదురువైపు అంకెలు రాసిన ఇంకో బిళ్ళ ఉంది.

"రెండూ చక్రాన్ని బిగవట్టేటియే అత్తమ్మా. దూరం పోవాలని రెండూ మొత్తం వదులు చేసిన."

అత్తమ్మ నవ్వింది. నల్లద్దాలు ముక్కు మీదికి జారేంతగా నవ్వింది. ఆమె నవ్వు నేను వినడం అదే మొదటిసారి.

"మిషిన్ ముట్టద్దన్నరు గని, సొరుగు ముట్టద్దనలే. గండ్ల బాబిన్ డబ్బి ఉంటది, తే."

తెచ్చాను. డబ్బీలోంచి వేలాడే దారం కొసను రెండు వేళ్ళతో పట్టుకుని గాల్లో వదిలింది. అది కదలకుండా వేలాడింది. చెయ్యి కొంచెం విదిలించింది. డబ్బీ వేలెడు కిందికి జారి ఆగింది.

"చూసినవా? ఊకె పట్టుకుంటె జారద్దు. ఇదిలిస్తె జర జారి ఆగాలె. ఎక్కువ జారితె కుట్టు వదులు, అసలు జారకుంటె దారం తెగుడు. దీని మరను ఒక్కోసారి పావు చుట్టే తిప్పాలె. నీ రీలుకు గూడ గంతే. కప్పను కట్టి కిందికి ఇడ్వు."

కప్పను కట్టి, కడ్డీ అడ్డంగా పట్టుకుని మీట నొక్కాను. కప్ప దభీమని నేల మీద పడింది. చక్రం ఇంకా తిరుగుతూ దారాన్ని ఎగదోసింది. మర పావు బిగించి మళ్ళీ వదిలాను. ఈసారి దారం కొంచెమే లేచింది. అలా నాలుగైదుసార్లయ్యాక కప్ప మెల్లగా దిగి నేలను తాకింది. తాకగానే చక్రం ఆగిపోయింది. నేను మళ్ళీ మళ్ళీ వదిలి చూశాను. ప్రతిసారీ ఆగింది. ఇదే సంగతి వీడియోల్లో కూడా ఉండే ఉంటుంది. అక్కడ నేను చేపలనే చూశాను.

"ఇంకోపక్క బిళ్ళనో?" అని అడిగాను.

"మొదలు గట్టిగ పెట్టు. చెయ్యి కుదిరినకొద్ది వదులు చేసుకో. కొత్తగ మిషిన్ నేర్చుకునేటోళ్లను నేను మెల్లగ తొక్కుమంటనా, ఉరుకుమంటనా?" అని, దారాన్ని గోటితో గీరి చూసింది. "గీ దారం గూడ మంచిగ లేదు. మరీ సన్నం. కింది వరుసలల్ల దిగవడ్డది. పైగ అంచు దాక నింపినవ్. బాబిన్ను అంచు దాక నింపుతరా ఎవలన్న?"

ఆపరేషన్ జరిగి వారం కాగానే హనుమకొండకు చూపించుకోవడానికి వెళ్ళాం. కన్ను బాగుందన్నారు. బస్టాండుకు వస్తుంటే ఒక సందు మొదట్లో చేపల సామాన్ల దుకాణం కనబడి నేను ఆగాను. ఎందుకాగానో ఆమె అడిగింది. చెప్పాను. నాకన్నా ముందు ఆమే మెట్టెక్కింది.

"దారం చూపియ్యి" అంది దుకాణం ఆయనతో.

"అవ్వా, జాకెట్ల దారం పక్క సందుల దొరుకుతది."

"చేపల దారమే బిడ్డా. సన్నదాని నుంచి లావుదాని దాక అన్ని తియ్యి."

ఆయన నావైపు చూశాడు. నేను తల ఊపాను. గల్లా మీద ఏడెనిమిది చుట్టలు పేర్చాడు. అత్తమ్మ ముందు నైలాన్ దారం తీసుకుని మూరెడు విప్పి వదిలింది. అది మళ్ళీ ఉంగరాలు తిరిగింది. "గిది చుట్ట మీద ఎట్లుండెనో గట్లనే ఉంటానంటది. సాగుతది గూడ" అని పక్కన పెట్టింది. తర్వాత అల్లిన దారాలు పట్టుకుంది. నాలుగు పోగులతో అల్లినది, ఎనిమిది పోగులతో అల్లినది. రెంటినీ బొటనవేలి గోరు మీదుగా లాగింది.

"గిది గరుకు. గిది నున్నగున్నది, గుండ్రంగున్నది. గిదే. ఇండ్ల జర లావుది."

"సన్నదైతె దూరం పోతది అవ్వా" అన్నాడు దుకాణం ఆయన.

"దూరం సంగతి తర్వాత. ముందు పోవాలె గద!"

ఆయన గట్టిగా నవ్వాడు. "కొత్తోళ్లకు నేను గూడ లావుదే తీసుకోమంట. ఎవలు వినరు. కొర్రమట్టను కలుపుల నుంచి గుంజాలన్నా గదే మంచిది. ఏం రంగు కావాలె?"

"పసుపుది. ఇప్పుడు నాకు ఒక్క కన్నే ఉన్నది. కనవడాలె."

చేపలు పట్టేది నేనైతే ఆమెకెందుకు కనబడాలని నేను అడగలేదు. దుకాణం ఆయన చుట్ట కాగితంలో కడుతూ, అల్లిన దారాన్ని నేరుగా ఉత్త చక్రం మీద చుడితే జారుతుందని, అడుగున కొంచెం నైలాన్ దారం చుట్టి దానికి ముడివేయమని చెప్పాడు. అత్తమ్మ అది శ్రద్ధగా విని, "మంచి మాట చెప్పినవ్ బిడ్డా" అంది.

సాయంత్రం అరుగు మీద కొత్త దారం చుట్టాం. తడిగుడ్డలోంచి దారం పోనిస్తూ ఆమె వేళ్ళతో బిగబట్టింది, నేను రీలు పిడి తిప్పాను. బిగువు ఒక్క తీరుగా ఉంటేనే పై వరుస కింది వరుసలోకి దిగదని ఆమె మాట. చక్రం అంచు ఇంకా బియ్యపు గింజ మందం కనిపిస్తుండగా ఆపమంది.

మర్నాడు ఇంటి వెనక పత్తికట్టె పీకేసిన చెలకలో నేర్చుకోవడం మొదలుపెట్టాను. కప్పకు బదులు దారానికి ఒక ఇనుప నట్టు కట్టాను. అత్తమ్మ నీడలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. దూరం సరిగ్గా కనబడదు కనుక ఆమె వింటూ ఉంది. మొదటి రెండు విసుర్లూ చిక్కుపడ్డాయి.

"చక్రం చప్పుడు సాఫ్‌గ పోయి పోయి, ఒక్కసారి ఉబ్బినట్టయితుంది. నట్టు నేల మీద పడుడు అప్పుడే. గంతకు జర ముందే వేలు పెట్టాలె" అంది. "మిషిన్ ఆపాలంటె కాలు తీస్తె సాలదు. చక్రం మీద చెయ్యి ఆనియ్యాలె. గట్టిగ నొక్కుడు గాదు, ఆనిచ్చుడు."

బొటనవేలు ఆనించాను. నట్టు గాల్లో ఉన్నంతసేపూ దారం కింద చక్రం తిరుగుతున్నది వేలికి తెలుస్తూనే ఉంది. నట్టు నేలకు దిగబోతుండగా వేలు నొక్కాను. చక్రం ఆగింది. దారం ఒక్క పోగు కూడా లేవలేదు. నేను చిన్నపిల్లాడిలా కేక వేశాను. పక్క చేలో మనిషి ఏం జరిగిందోనని లేచి చూశాడు. పొద్దు వాలేదాకా విసురుతూనే ఉన్నాను. చుక్కల వేళయిందని ఆమే గుర్తుచేసింది.

పదో రోజు పొద్దున చెరువుకు బయలుదేరుతుంటే అత్తమ్మ కూడా చెప్పులు వేసుకుంది. "ఇంట్ల ఒక్కదాన్ని ఏం జేయాలె?" అంది. సంఘం పెద్దమనిషి గట్టు మీద ఆమెకు ఒక రాయి తుడిచి చూపించాడు. గాలికి ఎదురుగా విసిరితే ఎర ఆగిపోయి చిక్కు పడుతుందని అప్పటికి నాకు తెలిసింది. గాలి వీపుకు తగిలేలా అవతలి గట్టుకు మారాం. పది పన్నెండుసార్లు శుభ్రంగా విసిరాను. కప్ప కలుపు అంచునే పడింది. చేప మాత్రం రాలేదు.

"ఒక్కసారి నాకియ్యి" అంది అత్తమ్మ.

ఇచ్చాను. ఆమె మొదటి విసురుకు కప్ప మా కాళ్ళ దగ్గరే పడింది. రెండోసారి కొంగు నడుముకు దోపి, పెదాలు బిగించి, మెల్లగా ఊపి వదిలింది. కప్ప గుండ్రంగా పోయి కలుపు పక్కన పడింది. చక్రం చక్కగా ఆగింది. నేను చెప్పినట్టు పిడి రెండు చుట్లు తిప్పింది. నీళ్ళు బుడుక్కున పేలాయి. కడ్డీ వంగింది.

"గుంజుతున్నది!"

"అత్తమ్మా, బరువెత్తద్దు, ఇటియ్యి!"

"ఎత్తుతలేను బిడ్డా, పట్టుకున్న!"

"అక్కా, కన్నుకు కష్టమైతది, అల్లునికియ్యి!" అని పెద్దమనిషి పరుగెత్తుకొచ్చాడు.

ఆమె ఇంకో క్షణం పట్టుకునే ఉండి, చాలా అయిష్టంగా కడ్డీ నా చేతికిచ్చింది. చేప కలుపులోకి దూరాలని చూసింది. లావు దారం కలుపును కోసుకుంటూ వచ్చింది, తెగలేదు. గట్టుకు చేరిన కొర్రమట్ట మోచేయంత ఉంది. పెద్దమనిషి దాన్ని అత్తమ్మ ముందు పట్టుకుని, ఆమెనూ చేపనూ కలిపి ఫోటో తీశాడు. నల్లద్దాలతో ఆమె ఎక్కడలేని దర్జాగా ఉంది.

దారిలో ఆమె ఆగింది. "మా బిడ్డకు చెప్పకు."

"నేను చెప్ప. నువ్వు చెప్పకు."

చేపను నేనే కడిగి, ఆమె అరుగు మీది నుంచి చెప్తుంటే పులుసు పెట్టాను. ఇద్దరం తింటుండగా నా భార్య ఫోన్ చేసింది.

"అమ్మ ఎట్లున్నది?"

"మంచిగున్నది. పొద్దటి సంది పండుకునే ఉన్నది."

"పండుకుంటె మరి చేపను పట్టుకున్నది ఎవలు?"

సంఘం పెద్దమనిషి ఫోటోను వాట్సప్ స్టేటస్‌లో పెట్టాడు. ఊళ్ళోవాళ్ళు దాన్ని నా భార్యకు పంపారు. ఆదివారం ఆమె బస్సు దిగి వచ్చి, చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది. నేనూ అత్తమ్మా ఒకే మంచం మీద పక్కపక్కన కూర్చుని తిట్లు తిన్నాం. చుక్కల మందు వేసిన వేళలన్నిటికీ నేను గోడమీది క్యాలెండర్లో గీతలు పెట్టి ఉంచాను. నా భార్య వాటిని ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఒక్కటీ తప్పలేదు. గొంతు కొంచెం దిగింది.

"సరే. నా వంతు పులుసేది?"

అది ఆ రోజే అయిపోయిందని చెప్పాం. అసలు కోపం అప్పుడొచ్చింది.

వేసవి సెలవులకు అత్తమ్మను మా ఊరికి తీసుకెళ్ళాం. అప్పటికి ఆమెకు కొత్త అద్దాలు వచ్చాయి, మిషిన్ కూడా మళ్ళీ నడుస్తోంది. గూడూరు దగ్గర అడవి అంచున ఉన్న చిన్న కుంట దగ్గర కడ్డీ ఆమె చేతికిచ్చాను. ఆమె మీట నొక్కి, కప్పను కిందికి వదిలి చూసి, మర కొద్దిగా తిప్పింది. ఆ తర్వాత విసిరింది. కప్ప పోతున్నంతసేపూ తల తిప్పి చూస్తూనే ఉంది. అది అవతల నీడలో పడి, నీళ్ళ మీద చిన్న వలయం విచ్చుకుంది.

"గంత దూరం పోతదా బిడ్డా! ఇన్నొద్దులు చప్పుడే ఇన్న" అంది.

నా భార్య తన వంతు కోసం చెయ్యి చాపింది. అత్తమ్మ ఆ చెయ్యిని చూడలేదు, లేదా చూడనట్టు ఊరుకుంది. పిడి తిప్పి కప్పను దగ్గరికి లాక్కుని, బొటనవేలు మళ్ళీ చక్రం మీద ఆనించింది.